మా పెదనాయన పిలిపించుకున్న యుద్ధం

సోమవారం ఉదయం ప్రేయర్ అయి పిల్లలు వరసగా క్లాసులకు పోతుంటే నాయన ఫోన్ చేశాడు. "పాపా, మీ పెదనాయన పోయినాడు" అన్నాడు. నేనేదో అడిగినట్లు, "తెల్లారుజామున. నిద్దర్లోనే" అన్నాడు. నేను హాజరుపట్టీ పట్టుకుని వరండాలో అట్లాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చింది కోపం. ఇంకో మాట అడగనివ్వకుండా తప్పించుకున్నాడే అని. పోయిన మనిషి మీద అట్లాంటి కోపం తప్పని తెలుసు. తెలిసినా వచ్చింది.

ఎవరైనా పోతే నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఆయన గురించి నాలుగు కాదు, నలభై రాయగలను. ఆ నలభైలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అవి మాత్రమే రాసి ఊరుకుంటే నేను కూడా ఆయన చేసిన పనే చేసినట్లవుతుంది. అందుకని ఉన్నదున్నట్లు చెప్పుకుంటాను, చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

మా ఊరు మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్యన ఉంటుంది. పెదనాయన మా నాయనకు సొంత అన్న. ఆరడుగుల మనిషి, మూడువందల గొర్రెల మంద, ట్రాక్టరు, పిలిస్తే ఇరవై మంది లేచివచ్చే చుట్టరికం. మా ఊళ్లో ఆయన లేకుండా ఏ పంచాయితీ తెగేది కాదు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి, మా ఇంట్లో ఒక్కతినే అయిన నన్ను కూడా కలుపుకుని "నాకు ముగ్గురు" అని చెప్పుకునేవాడు.

మందను ఏనాడూ లెక్కపెట్టేవాడు కాదు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి, లోపలికి పోతున్న గొర్రెలను ఊరికే చూసేవాడు. చివరిది పోయాక, "చెవి తెగిన బొల్లిది రాలేదు, పోయి చూడండ్రా" అనేవాడు. పోయి చూస్తే అది నిజంగానే ఏ కంపలోనో ఇరుక్కుని అరుస్తూ ఉండేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "ఉన్నవాటిని చూస్తే ఏం తెలుస్తది పాపా, లేనిదాన్ని చూడాల" అనేవాడు. టీ సాసర్లో పోసుకుని, పేపర్లో విదేశీ వార్తల పేజీ మొదట తీసేవాడు. చదివింది అయిదో తరగతి. కానీ ఏ దేశం ఎవరి పక్కన ఉందో, పోయిన నెల ఎవరి పక్కన ఉండిందో ఆయనకు కంఠతా వచ్చు. ఊరి పంచాయితీలకూ దేశాల పంచాయితీలకూ పెద్ద తేడా లేదని ఆయన నమ్మకం. నేను సోషల్ టీచరునయ్యాక ఆ పేజీ మడిచి నా కోసం దాచేవాడు. ఇంటికి పోతే పెద్దమ్మ అన్నం పెట్టేలోపలే మాకు వాదన మొదలయ్యేది.

నా మొదటి పలక ఆయనే కొన్నాడు. మార్కాపురంలో పలకలు చేసే చోటికే తీసుకుపోయి, దొంతరలోంచి ఒక్కొక్కటి తీసి, అంచు పట్టుకుని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎనిమిదో తొమ్మిదో పక్కన పెట్టాక ఒకటి నచ్చింది. "పగులు లోపలుంటే కంటికి కనపడదు. మీటి చూస్తే తెలుస్తది" అన్నాడు. అంగడాయన విసుక్కున్నా లెక్కచేయలేదు. ఆ పలక మూడో తరగతి దాకా నాతో వచ్చింది.

నాయన ఉద్యోగం పోయిన తర్వాత నన్ను చదివించింది కూడా ఈయనే. బళ్లు తెరిచే రోజు పొద్దున్నే మోపెడ్ మీద వచ్చేవాడు. ముందు నా పెట్టె, వెనక నేను, మధ్యలో ఈయన. హాస్టలు వార్డెను దగ్గర నిలబడి, "ఈ పాపకు జ్వరమొస్తే వాళ్ల నాయనకు కాదు, నాకు కబురు చెయ్యండి" అనేవాడు. డిగ్రీ, బీఎడ్ అయ్యేదాకా అట్లాగే. ఈ రోజు నేను నా కాళ్ల మీద నిలబడి ఉన్నానంటే అది ఆయన వల్లే. ఇది ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

ఇక నాయన ఉద్యోగం పోయిన సంగతి. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. నాకు ఎనిమిదేళ్లప్పటి మాట.

మా వైపు కోతలయ్యాక రైతులు గొర్రెల మందను పిలిచి రాత్రుళ్లు తమ పొలంలో పడుకోబెట్టించుకుంటారు, ఎరువు కోసం. పిలిచినవాడి పొలంలోనే మంద కట్టాలి. అందుకని ఫలానా నేల చెక్కలో మంద కట్టిందంటే, పిలిచినవాడిదే ఆ చెక్క అని ఊరంతా అనుకుంటుంది, ఆఫీసులో కాగితాలు ఏమైనా చెప్పనీ. మా పెద్దమ్మ అన్నదమ్ములది దర్శి పక్కన పల్లె. నాకు మామలవుతారు. వాళ్లకూ పక్క పొలం రైతుకూ ఒక గట్టు దగ్గర తగాదా. గట్టవతల రెండు సాళ్ల వెడల్పు నేల మాదంటే మాదని. మామలు వచ్చి పెదనాయన కాళ్లు పట్టుకున్నారనీ, "బావా, నీ మంద ఒక్క రాత్రి ఆ చెక్కలో కూర్చుంటే చాలు" అని బతిమాలారనీ, పెద్దమ్మ మొహం చూసి ఈయన కాదనలేకపోయాడనీ ఆ కథ.

మంద పోయింది. మందతోపాటు మా ఊరి నుంచి ఇరవై మంది పోయారు. సెలవు పెట్టి మా నాయన కూడా పోయాడు. తెల్లవారేసరికి అవతలివాళ్లు కర్రలతో వచ్చారు. ఆ తోపులాటలో అవతలి రైతు దగ్గర కూలికి పనిచేసే ఒక ముసలాయన చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఎవరి కర్ర తగిలిందో ఇప్పటికీ తెలియదు. ఆబోతులు కొట్లాడితే లేగదూడల కాళ్లు విరిగినట్లు, గట్టుతో ఏ సంబంధమూ లేని మనిషి చెయ్యి పోయింది. ఆయన పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కేసుల్లో పేర్లు దెబ్బ కొట్టిన వరసలో రాయరు, పలుకుబడి వరసలో రాస్తారు. మొదటి పేరు పెదనాయనది. పెదనాయన జైలుకు పోతే మంద చెదిరిపోతుంది, రెండు కుటుంబాలూ వీధిన పడతాయి అన్నారు పెద్దలు. అప్పుడు మా నాయన లేచి "కర్ర నాది" అన్నాడు. ఆయన మా ఊరి బళ్లో అటెండరు. శిక్ష పడింది, ఉద్యోగం పోయింది. బయటికొచ్చాక ఆ బడి ముందు నుంచి నడవడం ఇష్టంలేక మార్కాపురం వచ్చేశాడు. పలకలు కోసే పనిలో చేరాడు. అమ్మ పలకరాయి తట్టలు మోసింది. ఇరవై రెండేళ్లు మోసింది. ఇప్పుడు ఆమె నడుము నిటారుగా నిలవదు. ఎవరైనా జాలిపడితే, "ఆయనేం చేస్తాడమ్మా, అన్నను చుట్టాలు లాగిరి, ఈయన్ను అన్న లాగె. మధ్యలో నలిగిపోయినాడు" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉండేది కాదు, ఒకరకమైన గర్వం ఉండేది. తన మనిషి చెడ్డవాడు కాదు, కాదనలేనివాడు, అంతే.

కేసు నడుస్తుండగానే మామలూ ఆ రైతూ రాజీ పడ్డారు. రెండు సాళ్లూ సగం సగం పంచుకున్నారు. మరి నాలుగేళ్లకు ఆ ఇంటికే పిల్లనిచ్చి వియ్యమందుకున్నారు కూడా. మాకు శుభలేఖ వచ్చింది. నేను ఆ పెళ్లికి పోలేదు. ఏ చావుకో పేరంటానికో మామలు ఎదురుపడినా పలకరించలేదు, వాళ్లింట్లో మంచినీళ్లు తాగలేదు. క్లాసులో ప్రపంచయుద్ధం చెప్పేటప్పుడు కూడా నా మనసులో మెదిలేది మామల మొహాలే. చిన్న దేశం కయ్యం పెట్టుకుంటుంది, మాట ఇచ్చిన పాపానికి పెద్ద దేశం వెనక నిలబడాల్సి వస్తుంది, తర్వాత చిన్నవాళ్లు ఒకటవుతారు, పెద్దవాడు మునుగుతాడు అని చెప్పేదాన్ని. చాలా బాగా చెబుతానని మా హెడ్‌మాస్టరు మెచ్చుకునేవారు.

ఆఖరి రెండేళ్లు పెదనాయన కిడ్నీలు పనిచేయలేదు. వారానికి మూడుసార్లు మార్కాపురంలో డయాలసిస్. శనివారం వంతు నాది. నాలుగు గంటలు మంచం మీద, గోడకు టీవీ, పక్కన స్టూలు మీద నేను. ఇజ్రాయిల్ ఇరాన్ మీద మొదలుపెట్టిన యుద్ధంలోకి అమెరికా దిగుతుందా దిగదా అని టీవీవాళ్లు గొంతులు చించుకుంటున్న రోజులు.

"ఏమంటావు పాపా, దిగుతారంటావా?" అన్నాడు.

"దిగక ఏం చేస్తారు పెదనాయనా. నీ వెనక మేమున్నామని ఇన్నేండ్లుగా చెప్పినారు. ఇప్పుడు మేం రామంటే పరువు పోదా? చిన్నోడు పెద్దోణ్ణి ఈడ్చుకపోతాడు, ఎప్పుడూ జరిగేది అదే."

నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది. "అంత పెద్ద దేశాన్ని ఈడ్చేంత తాడు ఎవురి దగ్గరుంది?"

"చుట్టరికమే తాడు."

"చుట్టరికం తాడు గాదు, తువ్వాల. మొహానికి అడ్డం పెట్టుకునేదానికి. పెద్దోడికి పోవాలని లేకుంటే చిన్నోడు ఎంత మొత్తుకున్నా ఒంట్లో నలతగా ఉందంటాడు, ట్రాక్టరు రిపేరంటాడు. నన్ను పిలిచినా నేను పోని పంచాయితీలు ఎన్ని లేవు?"

నాకు రోషం వచ్చింది. దేశాల గురించి కాదు. "మరి మామోళ్ల గట్టుకు పోలేదా? నిన్ను వాళ్లు లాగలేదా?" అన్నాను.

ట్యూబులో రక్తం పోతూ ఉంది, వస్తూ ఉంది. పక్క మంచం ఆయన నిద్రపోయాడు. తర్వాత, ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్లు, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ గట్టు తగాదాకు రెండేండ్ల ముందు ఆ ఊళ్లోనే ఏందో పంచాయితీ. పోయి కుర్చీలో కూర్చున్నా. ఆ రైతు నలుగురిలో, గొర్రెలోడికి కుర్చీ ఎందుకయ్యా, నేల మీద కూర్చోమనండి అన్నాడు. లేచి నిలబడినా. ఆ మాట రెండేండ్లు నా కడుపులోనే ఉండింది. మీ మామోళ్లకు వాడితో గట్టు తగాదా వచ్చిందని తెల్సినరోజు నాకు పండగే. వాళ్లు సర్దుకుందామనుకుంటుండ్రి. నేనే కబురు పెట్టినా. మంద తోలుకొస్తా, మీరు వచ్చి నన్ను పిలిచినట్లుండాల అని."

"ఎందుకు? పోయేటోడివి నీ అంతట నువ్వే పోకూడదా?"

"నా కోపంతో నేను పోతే రౌడీ అంటారు. చుట్టాల కోసం పోతే పెద్దమనిషి అంటారు."

అంత తేలికగా చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆ కళ్లల్లో ఒక మెరుపు కూడా ఉంది. పాఠంలో నాకు తెలియని భాగం నేర్పిస్తున్నాననుకున్నాడేమో. నేను "మరి నాయన?" అన్నాను. ఆ మెరుపు పోయింది. మొహం గోడ వైపు తిప్పుకుని, "వాడు నా తమ్ముడు" అన్నాడు. అది జవాబా, క్షమాపణా, ఇంకేమన్నానా, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ రోజు ఆయన్ను ఆటో ఎక్కించి నా దారిన వచ్చేశాను. మర్నాడు ఆదివారం పొద్దున టీవీ పెడితే పెద్ద దేశం దిగనే దిగింది. మిత్రుల కోసం తప్పలేదన్నట్లుగా ఎవరెవరో మాట్లాడుతున్నారు. నేను టీవీ ఆపేశాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మా పెదనాయన కసాయి కాదు. కానీ నేను గొర్రెనే అయ్యాను. ముప్ఫై ఏళ్లు దాటిన మనిషిని, నలుగురికి చరిత్ర చెప్పేదాన్ని, సొంత ఇంటి చరిత్ర ఆయన చెప్పించినట్లే అప్పజెప్పాను. మోపెడ్ మీద ముందు పెట్టుకున్న ఆ పెట్టె, హాస్టలు, ఫీజులు, అవన్నీ ప్రేమా, పరిహారమా అన్న ప్రశ్న నన్ను తినేసింది. ప్రేమ కాదని అనలేను. కానీ ఆ ప్రశ్న పుట్టాక ఏ జ్ఞాపకమూ మునుపటిలా లేదు.

తర్వాత రెండు శనివారాలు పోలేదు. పరీక్ష పేపర్లున్నాయని చెప్పాను. రెండో శనివారం ఆయన నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. సోమవారం నాయన ఫోన్ చేశాడు. నాకు ద్రోహం జరిగిందని ఎంత గట్టిగా అనుకున్నా, ఆ మూడు ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నిలవదు.

మగపిల్లలు లేరు కాబట్టి నాయనే కొరివి పెట్టాడు, పదకొండో రోజు పెద్దదినం నాడు గుండు గీయించుకున్నాడు. ఆ రోజు మామలిద్దరూ వచ్చారు. ముసలివాళ్లయిపోయారు. చిన్నప్పటి తర్వాత మొదటిసారి నేనే పోయి మంచినీళ్లిచ్చాను. పెద్దమామ చెంబు అందుకుని నా మొహం చూశాడు. "చెప్పినాడా?" అన్నాడు. తలూపాను. "మాది మాత్రం తప్పు లేదా పాపా. పిలవకుండానే పిలిచినామని చెప్పినాం గదా. ఆయన దన్ను మాకూ కావాల్సొచ్చింది" అన్నాడు. నీళ్లు తాగి చెంబు నా చేతికిచ్చాడు.

నాయనకు చెప్పాలా వద్దా అన్నదే ఆ పదకొండు రోజులూ నన్ను కాల్చింది. ఉద్యోగం పోయినా, జైలుకు పోయినా, ఆయన తలెత్తుకుని తిరిగింది ఒక్క నమ్మకం మీద. అన్న నిస్సహాయుడు, నేను కాపాడుకున్నాను అని. అది తీసేస్తే ఆ మనిషికి ఏం మిగులుతుంది? చెప్పకపోతే నేనూ ఆ కట్టుకథలో కలిసినట్లే. దినం అయ్యాక ఇద్దరం మార్కాపురం బస్సెక్కాం. పక్కన ఎవరూ లేరు. నేనే మొదలుపెట్టాను.

"నాయనా, పెదనాయన నాతో ఒక మాట చెప్పినాడు. ఆ గట్టు సంగతి."

"కబురు సంగతా?" అన్నాడు నాయన. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"నీకు తెల్సా!"

"ఆ కబురు తీసుకపోయింది నేనే గదా."

బస్సు శబ్దంలో సరిగ్గా విన్నానా అనిపించింది. "నువ్వా? తెల్సీ పోయినావా? తెల్సీ జైలుకు పోయినావా?"

"కుర్చీ మాట అన్నప్పుడు ఆయన వెనకనే నిలబడి ఉన్నా పాపా. ఆయన్నన్నా కుర్చీలోంచి లేపినారు. నాకు కుర్చీ యాడిది? నన్నెవురూ లాగలే. నేనే పోయినా."

చాలా దూరం వచ్చాక అడిగాను. "అమ్మకు తెల్సా?"

"మీ అమ్మ ఒప్పుకునేది గాదు" అన్నాడు.

అంతే. ఇరవై రెండేళ్ల తట్టల బరువుకు అంతే జవాబు. ఒకరు కుర్చీ కోసం పోయారు, ఒకరు దన్ను కోసం పోయారు, ఒకరు రోషంతో పోయారు. అందరూ తమంతట తామే పోయారు. ఎవరూ అడగకుండా లాగేసింది ఒక్క అమ్మను. ఆమెను లాగడానికి తాడు కూడా అక్కర్లేకపోయింది. అమ్మకు చదువు రాదు. ఇది అచ్చయ్యాక, నువ్వు రాసింది చదివి వినిపించు పాపా అంటే ఏం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు.

నడుము నొప్పితో దినానికి రాలేకపోయిన అమ్మ, మేం ఇల్లు చేరేసరికి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి ఉంచింది. దినం ఇంటి నుంచి వచ్చినవాళ్లు స్నానం చెయ్యందే గడప తొక్కకూడదు. నాయన చొక్కా విప్పి వాకిట్లో బండమీద గొంతుక్కూర్చున్నాడు. అమ్మ వంగిన నడుముతోనే బకెట్టు ఈడ్చుకొచ్చింది. చెంబు ముంచి, మోచేత్తో వేడి చూసి, చల్లనీళ్లు కాసిని కలిపింది. ఆ కొత్త గుండు మీద అక్కడక్కడా కత్తి గాట్లున్నాయి. అవి మండుతాయని వాటి మీద తన కొంగు తడిపి వేసింది. నీళ్లు కళ్లల్లో పడకుండా ఎడమచేతిని ఆయన నుదుటి మీద అడ్డం పెట్టి, కుడిచేత్తో పోయడం మొదలుపెట్టింది. "పాపం, ఒక్కడివే అన్నీ మోసినావు" అంది. నాయన ఆ చేతి కింద కళ్లు మూసుకునే ఉన్నాడు. "వేడెక్కువుందా?" అని అడిగింది. "లేదు, పొయ్యి" అన్నాడు.